బల్ల కాలి కింద చీటీ

బటన్ నొక్కింది. వెలగలేదు. ఈసారి పళ్ళు బిగబట్టి నొక్కింది. ఊహూ.

"బల్బుకి నువ్వంటే భయమేమో అక్కా. కళ్ళు మూసుకుంది" అన్నాడు తమ్ముడు.

"అవతలికి పోరా!"

ఆ అమ్మాయిని ఇంట్లో తూనీగ అంటారు. ఒకచోట నిమిషం వాలదు. కానీ ఈ ఆదివారం పొద్దున్నుంచీ బల్ల ముందు నుంచి లేవలేదు.

బడిలో ఉన్నది ఒకటే ఎలక్ట్రానిక్స్ కిట్. దాన్ని వారానికొకరు ఇంటికి తెచ్చుకుంటారు. సోమవారం క్లాసులో దీపం వెలిగించి చూపించి, విప్పి, పెట్టెలో సర్ది తర్వాతివాళ్ళకి ఇవ్వాలి. తూనీగ వారం రేపటితో సరి. పెట్టెలో ఉన్నది ఒక్కటే ఎల్ఈడీ బల్బు. బటానీ గింజంత ఎర్రది, రెండు సన్నటి తీగ కాళ్ళు. అది పాడైతే ఇక ఎవరికీ దీపం లేదు.

తూనీగ లేచి పెరటి గోడ దగ్గరికి వెళ్ళింది. అవతలి ఇంట్లో ఉండేది జోడు. ముఖంలో సగం కళ్ళజోడే కాబట్టి క్లాసులో అందరూ అలాగే పిలుస్తారు. పోయిన వారం కిట్ వాడి దగ్గరే ఉంది.

"ఏరా జోడూ! పాడైన బల్బు నాకంటగట్టావు కదూ?"

"నా దగ్గర బాగానే వెలిగిందే!"

"అబద్ధం. రేపు టీచర్‌తో చెప్తా."

జోడు ముఖం చిన్నబోయింది. "చీటీ చదివావా మరి?" అన్నాడు మెల్లగా. తూనీగ అప్పటికే వెనక్కి తిరిగింది.

వీధి చివర పెదనాన్న కొట్టు. ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. తూనీగ తెచ్చిన పెట్టె తెరిచి, బల్బు బయటికి తీసి వెలుతురుకి పట్టాడు.

"కాళ్ళెవరు కత్తిరించారమ్మడూ?"

"నేనే. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చూడ్డానికి బాగాలేదని సమానం చేశా."

పెదనాన్న మీసాల్లో నవ్వుకున్నాడు. "పొడుగు కాలు ప్లస్. అది తెలియడానికే పొడుగు. ఇప్పుడెలా తెలుస్తుంది?"

"పాడైపోయిందా పెదనాన్నా?"

ఆయన బల్బుని ఆమె అరచేతిలో పెట్టాడు. "కింద అంచు చుట్టూ గోటితో తడుము."

తూనీగ కళ్ళు మూసుకుని తడిమింది. గుండ్రంగా ఉంది, గుండ్రంగా ఉంది... ఒక్కచోట గోరు ఆగింది.

"ఇక్కడ చదునుగా ఉంది!"

"ఆ పక్కది మైనస్. నువ్వు తిరగేసి పెట్టావు, అంతే."

తిప్పి గుచ్చి బటన్ నొక్కింది. ఎర్రగా వెలిగింది.

"నీకెలా తెలుసు పెదనాన్నా?"

"నేనూ కత్తిరించాగా, నీ వయసులో. అప్పుడొకాయన చూపించాడు." స్క్రూడ్రైవర్ అందుకుంటూ అడిగాడు. "పెట్టెలో కాగితమేమీ రాలేదా?"

వచ్చింది. అది ఎక్కడుందో తూనీగకి బాగా తెలుసు.

పొద్దున బల్ల ఊగుతుంటే తమ్ముడు "నేను పట్టుకుంటా" అన్నాడు. "నీ సాయం అక్కర్లేదు" అని, పెట్టెలో మడతపెట్టి ఉన్న చీటీని చదవకుండానే బల్ల కాలి కింద దోపింది.

పెట్టె పట్టుకుని ఇంటికి పరుగెత్తుకెళ్ళి చీటీ లాగింది. నలిగిన కాగితం మీద జోడు గుండ్రటి రాత.

"పొడుగు కాలు ప్లస్ వైపు పెట్టాలి. కత్తిరించకండి. నాకు రెండు రోజులు వెలగలేదు. మీకు మొదటిసారే వెలగాలి."

రెండుసార్లు చదివింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళింది. ఈసారి కేక వెయ్యలేదు.

"జోడూ, ఒకసారి ఇలా రా."

వాడు వచ్చాడు. ఏదో అంటుందని కళ్ళజోడు సర్దుకుని నిలబడ్డాడు.

"బల్బు బాగానే ఉంది. తప్పు నాదే. నీ చీటీ ఇప్పుడే చదివా. చాలా మంచి చీటీరా."

జోడు చెవులు ఎర్రబడ్డాయి. "వెలిగిందా?"

"వెలిగింది. చూద్దువుగాని రా."

ముగ్గురూ వంతులవారీగా బటన్ నొక్కారు. తమ్ముడు మాత్రం తన వంతు రాకపోయినా నొక్కాడు. ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత తూనీగ చీటీని సాపు చేసి, పెట్టె మూతకి లోపలివైపు అతికించింది. తెరవగానే కనబడుతుంది. దాని కింద రాయడానికి పెన్ను పట్టుకుంది. బల్ల మళ్ళీ ఊగింది.

"తమ్ముడూ, కాస్త పట్టుకుంటావురా?"

వాడు బల్ల కిందికి దూరి రెండు చేతులా కాలు పట్టుకున్నాడు. తూనీగ నిదానంగా రాసింది.

"కాళ్ళు నేను కత్తిరించేశాను, ఏమనుకోకండి. అంచు గోటితో తడమండి. చదునుగా ఉన్న వైపు మైనస్. ఇది చూపించింది మా పెదనాన్న. పై చీటీ రాసింది జోడు."

"అక్కా, చెయ్యి నొప్పెడుతోంది. అయిపోయిందా?" అన్నాడు కింది నుంచి తమ్ముడు.

"ఒక్క లైనుంది, ఉండు."

అది కూడా రాసింది.

"బల్ల పట్టుకున్నది మా తమ్ముడు."