ముప్పసాని పరపక్షం

మహానవమి పొద్దు పొడిచేసరికి నెలమేడు కోట బురుజులన్నిటి మీదా పసుపు పతాకలు లేచాయి. తూర్పున గజపురం వారి ఏనుగుల అడవులు, పడమట అశ్వగిరి వారి పచ్చిక బయళ్లు, దక్షిణాన ఎడతెగని సముద్రం. ఈ మూడింటి నడుమ, ఇద్దరు బలవంతుల పంక్తిలో ఇరుక్కుని కూర్చున్న అతిథిలా ఒదిగి ఉన్న చిన్న రాజ్యమది. ఇరుగుపొరుగులలో ఎవరు పెరగనున్నారో, ఎవరు తరగనున్నారో ముందుగా పసిగట్టి బతకడమే దాని విద్య. అందుకే ఏటా ఆనాడు అక్కడ బలాబల సభ తీరేది.

ఆ సభలో వాదానికి మూడు మెట్లు. మొదట తన మాట చెప్పాలి. పిదప శత్రువు ఎర్ర నడికట్టు బిగించుకుని, ఆ శత్రువే వచ్చి నిలిచాడనిపించేటట్టు పరపక్షం పలకాలి. చివరకు ఆ పరపక్షాన్ని తానే ఖండించాలి. నడికట్టు కట్టుకుని పలికిన మాటకు శిక్ష లేదు. తెలిసింది దాచి పలికితే మాత్రం శిక్ష తప్పదు.

ఆ యేడు ముందుగా లేచినవాడు మహామంత్రి మల్లపామాత్యుడు. "ప్రభూ, గజపురం పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ఆ ఏనుగుల ముందు అశ్వగిరి ఆగదు, మనమూ ఆగము. వారడిగిన సాగరపాడు రేవును వారికిచ్చి, వారి నీడన చల్లగా ఉండడమే మేలు."

దండనాయకురాలు ముప్పసాని లేచింది. రాజు కాటభూపతికి పాలిచ్చి పెంచిన దాది కూతురామె. "అమాత్యా, మీరు ఏనుగులను చూస్తున్నారు. నేను వాటి మేతను చూస్తున్నాను. అడవి నరికి పొలం చేస్తున్న గజపురం, రేపు ఏ ఆకు పెట్టి వాటిని మేపుతుంది? రాబోయే కాలం గుర్రానిది. అశ్వగిరిలో పుట్టే గుర్రాలు వారికే చాలవు. మేలుజాతి అరబ్బు గుర్రం ఓడ దిగి తొలికాలు మోపేది మన సాగరపాడులో. నేడు మనల్ని చూసి నవ్వే ఇద్దరూ రేపు ఆ రేవు వాకిట నిలబడక తప్పదు. రేవు ఉంటే మనది రాజ్యం. రేవు పోతే మిగిలేది ఒక గుట్ట, దాని మీద నాలుగు గోడలు!"

"సానిగారికి ఉప్పుగాలి తలకెక్కింది," అన్నాడొక ముసలి సామంతుడు.

"నాకు గాలే ఎక్కింది మామా, మీకు నిద్ర ఎక్కింది. రెండూ సభలోనే కదా, కానీండి!"

సభ ఘొల్లుమన్నది. ఆ నవ్వులోనే ఆమె నడుముకు ఎర్రకట్టు బిగించింది. అంతే, గొంతు మారింది.

"నేను గజపురం సేనానిని. నెలమేడును ఎదురుగా కొట్టేటంత వెర్రివాణ్ణి కాను. చుట్టు తిరిగి వస్తే పడమర బోడికనుమ ఉన్నది. అందులోంచి నా ఏనుగులు దూరితే కోటా నాదే, దాని వెనుకనున్న రేవుదారీ నాదే."

"ఆ కనుమకు కాపు ఎప్పుడు పలచబడుతుంది, సేనానీ?" మల్లపామాత్యుడు ఎంతో మృదువుగా అడిగాడు.

ఆమె మంత్రి వైపు తిరిగింది. దాచడం నేరం. "ఓడలు దిగే కాలంలో. అప్పుడు కాపువారిలో సగం రేవులో ఉంటారు."

ఖండనకు ఆమె కట్టు విప్పబోతుండగా కాటభూపతి సింహాసనం దిగాడు. "చాలక్కా, అలసిపోయావు. ఖండన రేపు విందాం." మర్నాడు రాజుకు తలనొప్పి అన్నారు, సభ తీరలేదు. ఒక తల్లి పాలు తాగిన తమ్ముడు తలనొప్పి అంటే తలనొప్పే అనుకున్నది ముప్పసాని.

ఓడలు దిగే కాలం వచ్చింది. గజపురం ఏనుగులూ వచ్చాయి, బోడికనుమ దారినే. ఆ వార్త విని ఆమె కత్తితోనే కొలువులోకి నడిచింది.

"చూశారా ప్రభూ! ఈమె నోట వెలువడిన దారినే శత్రువు అడుగులు వేస్తున్నాడు," అన్నాడు మల్లపామాత్యుడు.

"నా నోట వెలువడింది ఈ గోడల మధ్య. గోడ దాటించినవారెవరు? మీరా?"

మంత్రి రాజు వైపు చూశాడు. రాజు నేలచూపు చూశాడు. ఆ రెండు చూపుల నడుమ ముప్పసానికి సర్వమూ తెలిసిపోయింది.

"నువ్వా, కాటయ్యా?"

"సింహాసనం నాకే ఉంచుతామన్నారక్కా. వారికి రేవొక్కటే కావాలి. యుద్ధం తొందరగా ముగిస్తే మన జనం చావరని..."

"నా వాదం సగం విని, ఆ సగమే అమ్ముకున్నావు! రేవు చేతికొచ్చాక నీతో వారికేం పని? ఏ పనీ లేని రాజును ఎంతకాలం కూర్చోబెడతారు? ఇదేనా నేను నీకు నేర్పిన లెక్క?" ఆమె వాకిలి వైపు తిరిగింది. "సరే. నీ సింహాసనం నీ ఇష్టం. సాగరపాడు జనాన్ని నేను మాట ఇచ్చి రేవులో నిలిపాను. గుర్రాలతో సహా వారు ఓడలెక్కేదాకా కనుమను ఆపుతాను. అడ్డు రాకు."

రాజు కళ్లు చెమర్చాయి. "వెళ్లిరా అక్కా. పడమటి తలుపు నీ కోసం తీసే ఉంచుతాను."

నాడు సభ వినని ఖండన ఇప్పుడు బోడికనుమ విన్నది. ఇరుకు కనుమలో ఏనుగు వెనుదిరగలేదు. ముందరి గుంపును లోపలికి రానిచ్చి, ఎండుగడ్డి మోపులకు నిప్పుపెట్టి ఎదురుగా దొర్లించారు రేవు కాపువారు. ఘీంకరిస్తూ వెనక్కి ఒరుసుకున్న ఏనుగుల కింద గజపురం పదాతులు నలిగిపోయారు. మధ్యాహ్నానికి సముద్రం మీద తెరచాపలు విచ్చుకున్నాయి. ఆమె చూసింది, చేయెత్తి తన బంట్లకు చూపించింది. కానీ మలిదండు గుట్టలెక్కి పక్కలనుండి దిగింది. బల్లెం పోటు తిన్న డొక్కను అదిమిపట్టుకుని, మిగిలినవారిని వెంటబెట్టుకుని ఆమె పడమటి తలుపు వైపు మళ్లింది.

తలుపు తీసే ఉన్నది. వారు బాణపు వేటు దూరానికి రాగానే రెండు రెక్కలూ మూతపడ్డాయి. లోపల గడియ పడ్డ చప్పుడు బయటికి వినబడింది. ఆ తలుపు ముందే మలిదండు వారిని చుట్టుముట్టింది.

సాయంకాలానికి అదే తలుపును కాటభూపతి తన చేతులతో తెరిచి గజపురం సేనాని బలభద్ర పాత్రునికి తాళపుచెవులందించాడు. పాత్రుడు వాటిని అందుకుని, రాజుకూ మంత్రికీ కలిపి ఒకే గొలుసు వేయించాడు.

"ఇదేమిటి? మాట ఇచ్చారు కదా!" అన్నాడు రాజు.

"గుర్రాలున్న రేవుకు ఇచ్చాం మాట. ఆ రేవులో ఇప్పుడు గుంజలు మాత్రమే ఉన్నాయి."

గొలుసుతో నడుస్తూ కాటభూపతి పాత్రుని గుర్రం పక్కకు చేరాడు. చివరకు ఆగలేక అడిగాడు. "మా అక్క... పోయేముందు ఏమైనా అన్నదా?"

"ఒక్కటే అడిగింది. తలుపు మా తమ్ముడు మూయించాడా, తనంతట తాను మూసుకున్నదా అని."

"మీరేమన్నారు?"

"గడియ జారి ఇరుక్కున్నది తల్లీ, లోపలివాళ్లు తీయలేక ఏడుస్తున్నారు అన్నాను. జన్మలో అబద్ధం ఆడనివాణ్ణి, ఆ ఒక్కటీ ఆడాను."

"నమ్మిందా?"

పాత్రుడు గుర్రం ఆపి అతని వంక తేరిపార చూశాడు.

"నవ్వింది," అన్నాడు.