కొయ్య నదిని కోసిన పైడి

కుందనపురి రాజ్యానికి వచ్చిన కష్టం అంతకు ముందు ఏ రాజ్యానికీ వచ్చి ఉండదు. ఒకరోజు పొద్దున్నే నీళ్ళకు వెళ్ళిన ఆడవాళ్ళ బిందెలు నది మీద ఠంగుమని మోగాయి. నీలధార నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కొయ్యగా మారిపోయింది. అలలు అలలుగానే ఉన్నాయి, కాని కదలడం లేదు. సుడిగుండాలు తిరిగిన చోట గుండ్రని ముడులు తేలాయి. ప్రవాహం పోయే దారంతా కొయ్య చారలై నిగనిగలాడుతోంది. దాన్ని చూసి ఏడవాలో చేతులు జోడించాలో ఎవరికీ తోచలేదు.

రాజుగారు గొడ్డళ్ళిచ్చి సైన్యాన్ని పంపారు. వేటు పడిన చోటు మరుక్షణమే పూడుకుపోయింది.

నది నడిమధ్యలో పడవ నడిపే పోలమ్మ చిక్కుకుపోయింది. పడవ నదితో, ఆమె పాదాలు పడవతో ఒకే కొయ్య అయిపోయాయి. ఆ కొయ్య రోజుకు జానెడు చొప్పున ఆమె ఒంట్లోకి పాకుతోంది. కళ్ళు కూడా కొయ్యబారితే ఇక మనిషి దక్కదని రాజవైద్యుడు చెప్పాడు.

పోలమ్మ కూతురు పైడికి పదమూడేళ్ళు. మందపు చెక్కను సన్న రంపంతో వంపులు తిప్పి కోసి, ఒకదానిలో ఒకటి ఇమిడే ముక్కల బొమ్మలు చేస్తుంది. ఆమె రంపానికి విల్లులాంటి ఇనుప చట్రం, దాని కొసల మధ్య గడ్డిపోచంత ఉక్కు రేకు. ఊళ్ళో ఆమె అంత వేగంగా కోసేవాళ్ళు లేరు.

"ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తే నేను కరుగుతానా? అడవిలో మౌనస్వామి ఉన్నాడంట. పోయి అడుగు," అంది పోలమ్మ.

"నిన్నొదిలి ఎట్లా పోనే అమ్మా?"

"నేనెక్కడికి పోతాను! నువ్వెప్పుడొచ్చినా ఇక్కడే ఉంటాగా."

నవ్వబోయి ఏడ్చింది పైడి. రంపం భుజాన వేసుకుని అడవిలోకి పరుగెత్తింది.

మౌనస్వామి పేరుకే మౌనం. పైడి చెప్పినదంతా విని, తాను కూర్చున్న మందపాటి చెక్కను ఆమె ముందుకు తోశాడు. "ఇందులోంచి ఒక చిలుకను కోసి ఇవ్వు. ఆ తరవాత మాట్లాడుకుందాం."

పైడి బరమాతో చెక్కకు బెజ్జం వేసి, రేకును అందులో దూర్చి, గిరగిరా కోసింది. ముక్కు, రెక్క, తోక అన్నీ గీసినట్టే వచ్చాయి. స్వామి చెక్కను తిరగేసి, కింది వైపు నుంచి వేలితో పొడిచాడు. చిలుక కదలలేదు. బిగుసుకుపోయింది.

"పైన చిలుక, కింద గుడ్లగూబ," అన్నాడాయన. "నిన్నెవరు తరుముతున్నారమ్మాయ్?"

"మా అమ్మ మోకాళ్ళదాకా కొయ్యయిపోయింది స్వామీ!"

"తరిమేది అమ్మ కాదు, నీ భయం. అది నీ చేతిలో కూర్చుని రంపాన్ని ముందుకు తోస్తోంది. పైన నీ కంటికి కనిపించేంత మేర రేకు గీత మీదే పోతుంది. కనబడని లోపల మాత్రం విల్లులా వంగుతుంది."

"మీకేం, కూర్చుని ఎన్నయినా చెబుతారు!"

"అవును. కూర్చోబట్టే తెలిసింది."

 ఇన్నేళ్ళూ తాను చేసిన బొమ్మలేవీ కింది వైపు నుంచి ఊడిరాలేదన్న సంగతి పైడికి తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా.

స్వామి గొంతు తగ్గించాడు. "గొడ్డలి వేటుకు నది పూడుకుంటుంది. చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరే కోతకు మాత్రం లొంగుతుంది. పడవ చుట్టూ కొయ్. కోత నిటారుగా ఉంటే కింది నీరే ఆ ముక్కను పైకి లేపుతుంది. వాలితే అది ఎప్పటికీ లేవదు. అంత లోతుకు నీ రేకు చాలదు. పచ్చకొండ మీది మిడతను అడుగు."

రెండు రోజుల నడక తరవాత పచ్చకొండ ఎక్కిన పైడి నోరు తెరిచి నిలబడిపోయింది. ఏనుగంత మిడత! పాత చర్మంలోంచి సగం బయటికి వచ్చి, వెనక కాళ్ళు ఇరుక్కుని వేలాడుతోంది. సాయం చేద్దామని పైడి ఒక కాలు పట్టుకుంది.

"లాగావంటే ఊరుకోను! కాలు ఊడుతుంది!" అని అరిచింది మిడత.

"మరి ఎంతసేపు పడుతుంది మామా?"

"పట్టినంతసేపు. నీకు పళ్ళు మొలవడానికి మీ అమ్మ లాగిందా?"

పైడి తాను వచ్చిన పని చెప్పి కూర్చుంది. పగలంతా కూర్చుంది. ఈపాటికి అమ్మకు నడుం దాటి ఉంటుంది అనుకున్నప్పుడల్లా చేతులు లేచాయి. ఆ చేతులను తానే ఒళ్ళోకి లాక్కుంది. పొద్దు వాలే వేళకు నలిగి ఉన్న రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి. వాటిలోంచి దిగిన ఎండ కొండంతా పచ్చని వెలుగై పరుచుకుంది. ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయింది పైడి.

మిడత వదిలిన చర్మంలో వెనక కాలి అంచు మిగిలింది. నిలువెత్తు పొడవు, రేకులా పలచన, వెయ్యి పళ్ళు.

"పట్టుకుపో. రెక్కలు ఆరాక నిన్ను నేనే దింపుతాను," అంది మిడత.

రెక్కలు పూర్తిగా ఆరడానికి మరో రోజు పట్టింది. మిడత ఒక్క గెంతులో ఆమెను నది మీద దింపేసరికి, కొయ్య పోలమ్మ గడ్డం దాకా వచ్చింది. పెదవులు కదలడం లేదు. కళ్ళు మాత్రం కూతురిని చూసి తడిశాయి.

పైడి పడవ పక్కన బెజ్జం వేసింది. మిడత ఇచ్చిన రేకును అందులో దూర్చి కిందికి జార్చింది. అంతలో అడుగున ఎవరో దాని రెండో కొసను పట్టుకున్నారు!

 పైడి పైకి లాగింది, కిందున్నది కిందికి లాగింది. మళ్ళీ లాగింది, మళ్ళీ బదులు వచ్చింది. ఆ పట్టులో తొందర లేదు, కోపం లేదు. అది నదే.

అప్పుడు ఎదుటి ఒడ్డున ఉన్న నల్లగుట్ట కళ్ళు తెరిచింది. ఇన్నాళ్ళూ అది గుట్ట అనే అనుకున్నారు అందరూ. కాదు, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న రాక్షసుడు.

"నా నదిని ఎవతె కోస్తోంది?"

"నువ్వేనా దీన్నిట్టా చేసింది? ఎందుకయ్యా?"

"వెయ్యేళ్ళు ఒడ్డున కూర్చున్నాను. ప్రతి నీటిబొట్టూ నా ముందు నుంచే వెళ్ళిపోయింది. ఒక్కటీ ఆగలేదు. అందుకని ఆపాను," అన్నాడు వాడు. "కొయ్, అడ్డుపడను. ముక్క బిగుసుకుందో, నువ్వూ ఇక్కడే కొయ్యయిపోతావు. చూడు, మీ అమ్మకు ముక్కు దాకా వచ్చింది. తోయవే! తోయి!"

సగం కోత అయింది. ఆ మాటతో పైడి చెయ్యి బరువెక్కింది. తోయమంటున్న గొంతు రాక్షసుడిదా, తన లోపలిదా? రెండూ ఒకేలా ఉన్నాయి. రేకు లోపల ఎక్కడో వంగడం వేళ్ళకు తెలిసింది.

ఆమె ఆగింది. అమ్మ రెప్పల కింద చారలు పాకుతుంటే, కోత మధ్యలో, చెయ్యి వదులు చేసి ఆగింది. అడుగున ఉన్నది ఒకసారి మెత్తగా లాగింది. రేకు తీగలా నిటారయింది. ఆ తరవాత పైడి తోయలేదు. నది లాగినంతే లాగింది. పోలమ్మ కుడి రెప్ప కొయ్యబారుతుండగా కోత తొలి బెజ్జాన్ని చేరుకుంది.

ఏమీ జరగలేదు. రాక్షసుడు నోరు తెరిచాడు, నవ్వడానికి. అప్పుడు ముక్క వెంట్రుకవాసి లేచింది. బెత్తెడు లేచింది. ఎక్కడా రాసుకోకుండా, పొంగే పాలలా, పడవతో సహా నిలువునా పైకి వచ్చింది. దాని చుట్టూ నీలపు నీరు ఉబికింది. కొయ్య కరుగుతూ ఒడ్డుల దాకా పోయింది. మిడత పైడిని ఎత్తి పడవలో వేసింది. ఒంట్లోని కొయ్య కూడా కరిగిపోయిన పోలమ్మ గట్టిగా ఊపిరి పీల్చి, కూతురిని గుండెలకు అదుముకుని, చాలాసేపు వదల్లేదు.

రాక్షసుడు మొహం తిప్పుకున్నాడు. "మళ్ళీ అంతా వెళ్ళిపోతుంది," అన్నాడు.

"ఒరే గుట్టంత నాయనా," అని కేకేసింది పోలమ్మ, "కూర్చుంటే వెళ్ళిపోయేవాళ్ళే కనపడతారు. ఈ తెడ్డు పట్టుకో. పొద్దున దాటించినవాళ్ళు సాయంత్రం నిన్నే వెతుక్కుంటూ వస్తారు."

బిడ్డలు లేని కుందనపురి రాజు పైడినే తన వారసురాలిగా ప్రకటించాడు. యువరాణిగా ఆమె పట్టాభిషేకం నాటి ఉదయం రాక్షసుడు తొలిసారి పడవ నడిపాడు. జనం ఆ ఒడ్డున దిగి నగరంలోకి వెళ్ళిపోతుంటే, వాడు తెడ్డు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. పొద్దు వాలుతుండగా దూరం నుంచి ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"ఓ పడవ మామా, వెళ్ళిపోకు! మేమొస్తున్నాం!"