బానెట్ అవతల

ఆదివారం షెడ్డుకి సెలవు. అయినా మధ్యాహ్నం మూడింటికి మెకానిక్ షట్టరు సగం పైకెత్తి, తమ్ముడి భార్య కారు కోసం ఎదురుచూస్తూ స్టూలు మీద కూర్చున్నాడు. బయట సన్నగా వాన. లోపల మాడిన ఆయిలు వాసన, తడిసిన గోనెపట్టా వాసన. ఇంజన్ మీద చెవి పెట్టి వినే అలవాటు చూసి వీధిలో వాళ్ళు అతన్ని డాక్టరు అంటారు. ఆ పిలుపుకి ఒకప్పుడు లోలోపల మురిసిపోయేవాడు. తమ్ముడు పోయిన ఈ నాలుగు నెలలుగా ఎవరు ఏమని పిలిచినా ఒకటే. తిన్నాడా అంటే తిన్నాడు, పడుకున్నాడా అంటే పడుకున్నాడు. తమ్ముణ్ణి సాగనంపిన రోజు కూడా కన్ను తడవలేదు. రాతిగుండె అన్నారు చుట్టాలు. భార్య మాత్రం ఒక్కసారి ఏడ్చెయ్యమని బతిమాలింది. ఏడుపు వస్తే కదా ఏడవడానికి!

షట్టరు పూర్తిగా ఎత్తాక కారు లోపలికి వచ్చి, ముందు గోడకి రెండడుగుల దూరంలో ఆగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. మరదలు దిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మళ్ళీ కాగిపోయింది బావగారూ. ఇంటినుంచి ఇక్కడికి పది నిమిషాలు కూడా లేదు, అప్పుడే సూది ఎర్రగీత ఎక్కేసింది."

"దారిలో ఆపి చూడకపోయావా అమ్మా?"

"ఆపి దిగాలంటే భయమండీ."

ఎందుకు భయమో అతనికి చెప్పక్కర్లేదు. తమ్ముడు ఇలాగే కాగిపోయిన ఇదే కారుని రోడ్డు వారగా ఆపి, దిగి బానెట్ వైపు నడుస్తుంటే లారీ ఒకటి ఈడ్చుకుపోయింది. కారు మీద గీత కూడా పడలేదు.

"రేపట్నుంచి కొత్త బడిలో టీచరుగా చేరాలి నేను. పాపని వెనక కూచోబెట్టుకుని రోజూ నలభై కిలోమీటర్లు. బాగవుతుందంటే సరే. లేదంటే ఇప్పుడే చెప్పెయ్యండి, అమ్మేసి బస్సు పట్టుకుంటాం."

"బాగుచేస్తాను."

"మీ చెయ్యి పడిందంటే నాకు ధైర్యం" అని, పాపకి రెయిన్‌కోటు కొనడానికి వాన్లోనే బజారుకి వెళ్ళింది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కానీ తిమ్మిరెక్కిన కాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు, గుచ్చుకోవడం తెలిసిందే తప్ప నొప్పి తెలియలేదు.

కాగిన ఇంజన్ మూత తీస్తే ముఖం మాడుతుంది. అరగంట ఆగాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. రబ్బరు గొట్టాలు ఎక్కడా కారడం లేదు. రేడియేటర్ మూత తీస్తే ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ నీళ్ళ తియ్యటి వాసన గుప్పుమంది. నీళ్ళు మాత్రం అరచెయ్యంత కిందికి ఉన్నాయి. కారకుండా తగ్గాయంటే కారణాలు రెండే అని అతని అనుభవం. ఒకటి, ఇంజన్ లోపలికి నీళ్ళు దిగకుండా ఆపే గ్యాస్కెట్ పోయి ఉండాలి. అది కారు వయసు, ఎవరి తప్పూ కాదు. రెండోది, లోపల గాలి చిక్కుకుని ఉండాలి. గాలి దానంతటది దూరదు. కూలెంట్ మార్చినవాడు గాలి బయటికి పంపకుండా మూత పెట్టేస్తేనే ఉంటుంది.

కూలెంట్ మార్చింది అతనే. తమ్ముడు పోవడానికి ముందురోజే. గాలి తీయాలంటే మూత తెరిచి, ఇంజన్ నడుపుతూ, బుడగలు ఆగేదాకా అరగంట నిలబడాలి. ఆ రోజు ఆకలేసింది. "గాలి తీయవా అన్నా?" అని తమ్ముడు గుర్తుచేశాడు కూడా. "నడుస్తుంటే అదే పోతుందిలేరా" అని మూత బిగించి అన్నానికి వెళ్ళిపోయాడు. ఈ సంగతి భార్యకీ చెప్పలేదు, మరదలికీ చెప్పలేదు.

ఇవాళ తేలిపోతుంది. బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే గ్యాస్కెట్. కాసేపు వచ్చి ఆగిపోతే గాలి.

ఇది ఇద్దరు మనుషుల పని. ఒకడు లోపల కూర్చుని ఎక్సిలేటర్ తొక్కాలి, ఒకడు రేడియేటర్ దగ్గర నిలబడి చూడాలి. ఎత్తిన బానెట్ మధ్యలో అడ్డు, ఇంజన్ మోతలో అరిచినా వినపడదు. అందుకే నాన్న షెడ్డు నడిపే రోజులనుంచీ అన్నదమ్ములకి ఒక లెక్క ఉంది. మడ్‌గార్డు మీద పానాతో ఒక దెబ్బ కొడితే తొక్కమని, రెండు కొడితే వదలమని. తమ్ముడు బ్యాంకులో ఆఫీసరయ్యాక కూడా ఆదివారాలు వచ్చి తొక్కేవాడు. "చూశారా, మా డాక్టరు గారికి కాంపౌండర్ని" అని వచ్చేపోయే వాళ్ళతో గొప్పలు పోయేవాడు.

ఇప్పుడు కాంపౌండరు లేడు. మెకానిక్ ఇంజన్ స్టార్ట్ చేసి, లోపల హీటరు పూర్తిగా తిప్పి, తలుపు వేసి ముందుకి వచ్చాడు. ఎక్సిలేటర్ తీగని చేత్తోనే లాగుదామనుకున్నాడు. నీళ్ళు పోసి నింపాడు. ఇంజన్ కాస్త వేడెక్కింది. తీగ కోసం కుడిచెయ్యి చాపబోతుండగా, ఎడమచేతిలో ఉన్న పానా అలవాటు కొద్దీ మడ్‌గార్డు మీద ఒక్క దెబ్బ కొట్టింది.

ఇంజన్ మోత పెరిగింది.

అతను తీగ వంక చూశాడు. తన చెయ్యి దాని మీద లేదు. తీగ బిగిసి ఉంది. లోపలివైపు నుంచి ఎవరో తొక్కి పట్టుకున్నట్టు బిగిసి, సన్నగా వణుకుతోంది.

పరిగెత్తాల్సిన సమయం అది. మామూలు మనిషి అయితే పానా పారేసి వీధిలో ఉండేవాడు. అతను నిలబడ్డాడు. భయం రావాలని తెలుసు, రాలేదు. నాలుగు నెలల్లో రానివి చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి అనుకున్నాడు.

రెండు దెబ్బలు కొట్టాడు. తీగ వదులైంది, మోత దిగింది.

"చిన్నోడా..." అన్నాడు.

పైన రేకుల మీద వాన చప్పుడు.

నాలుగడుగులు పక్కకి వేస్తే డ్రైవరు సీటు కనిపిస్తుంది. వెయ్యలేదు. చూస్తే అక్కడ ఎవరూ లేకపోతే? ఈపాటి తోడు కూడా పోతుంది. బానెట్ అవతల ఏముందో చూడకుండా, ఒక దెబ్బ కొట్టాడు.

మోత మెల్లగా పెరిగింది. మెల్లగా... మరీ మెల్లగా. తమ్ముడెప్పుడూ దడాలున తొక్కేవాడు. ఎన్నిసార్లు తిట్టినా మారలేదు. ఈ పాదం మాత్రం ఆచితూచి, కొత్తగా నేర్చుకుంటున్నట్టు దిగుతోంది. పోయాక బుద్ధొచ్చిందిరా నీకు, అనుకున్నాడు మెకానిక్. పెదవుల మీద నవ్వులాంటిది ఏదో కదిలింది.

బుడగలు మొదలయ్యాయి. ముందు చిన్నవి, తర్వాత గోళీకాయలంత. నీళ్ళు బుడుక్కున లోపలికి దిగిపోయాయి. మళ్ళీ పోశాడు. కొట్టాడు. పెరిగింది. రెండు కొట్టాడు. తగ్గింది. పది నిమిషాలు. పదిహేను. ఆగొద్దు, ఆగొద్దు అని నీళ్ళని బతిమాలుకున్నాడు. వస్తూనే ఉండండి. గ్యాస్కెట్ అనండి. పాతబడిపోయిందనండి...

బుడగలు పలచబడ్డాయి. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

ఆగిపోయాయి.

నీళ్ళు అంచుదాకా నిలిచి, అద్దంలా ఉన్నాయి. పైగొట్టం, కిందిగొట్టం రెండూ వెచ్చగా ఉన్నాయి. కారు బాగైపోయింది. ఇంత చిన్న పని. ఆ రోజు అన్నం అరగంట ఆలస్యమయ్యేది, అంతే.

"నాదేరా తప్పు" అన్నాడు బానెట్‌కి ముఖం ఆనించి. "నువ్వు అడిగావు కూడా. నేనే వినిపించుకోలేదు. ఎవరికీ చెప్పలేదురా... నీ పెళ్ళానికి కూడా చెప్పలేదు. నన్ను క్షమిస్తావా? క్షమిస్తే... ఒక్కసారి తొక్కు."

ఇంజన్ అలాగే నడుస్తోంది. ఎంతసేపో. తర్వాత తీగ బిగిసింది. మోత పెరిగింది, మెల్లగా, నిండుగా... షెడ్డు రేకులు అదిరేదాకా పెరిగి, మెల్లగా దిగింది.

నాలుగు నెలలుగా ఎక్కడో గడ్డకట్టుకుపోయినదేదో కరిగింది. అతను ఏడ్చాడు. చీమిడి కారేలా, చిన్నపిల్లాడిలా, భుజాలు ఎగిరేలా ఏడ్చాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేం. తమ్ముడు వచ్చాడు. విన్నాడు. వదిలేశాడు.

షట్టరు కింద నుంచి చెప్పుల చప్పుడు లోపలికి వచ్చింది. మరదలు. కారు వెనక నుంచి పక్కకి వచ్చి... ఆగిపోయింది. చేతిలో సంచి కిందపడింది.

"బావగారూ..." గుసగుసగా అంది. "లోపల కూర్చుంది ఎవరు?"

ఆమెకీ కనిపిస్తున్నాడు! మెకానిక్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమెకి అన్నీ చెప్పెయ్యాలనిపించింది. "భయపడకమ్మా. బాగా చూడు. వాడే..."

"కాదు."

"చూడమ్మా..."

"ఆయన కాదు బావగారూ. ఎవరో ముసలావిడ. మనవాళ్ళెవరూ కాదు... నేనెప్పుడూ చూళ్ళేదు."

గోడకీ బంపరుకీ మధ్య ఉన్న రెండడుగుల సందులో అతను నిలబడిపోయాడు. ఇందాక తను ఎవరికి చెప్పుకున్నాడు? క్షమించింది ఎవరు?

భయం వచ్చింది. నాలుగు నెలల బాకీ అంతా ఒక్కసారే వచ్చింది.

కొట్టకుండానే ఇంజన్ మోత పెరగడం మొదలైంది. అతను పానాతో రెండు దెబ్బలు కొట్టాడు. మోత తగ్గలేదు. మళ్ళీ రెండు. తగ్గలేదు.

"ఏం చేస్తోందమ్మా?" అని అరిచాడు.

"నవ్వుతోంది..." మరదలు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. కళ్ళు మాత్రం కారు లోపలే ఉన్నాయి. "బావగారూ... పక్క సీటు బెల్టు పెట్టి ఉంది. ఎవరినో కట్టేసినట్టు బిగిసి ఉంది. సీట్లో ఎవరూ లేరు... బెల్టు మాత్రం గింజుకుంటోంది."