దొంగ వదిలేసిన స్కోప్

డెంటిస్ట్ లైల్ ట్రాస్క్ ఇంట్లో రైఫిల్ పోయింది. మనిషి పోయినంత హడావిడి చేశాడు.

డెప్యూటీ షెరిఫ్ వర్నా కోల్‌స్టాడ్ గదంతా కలియజూసింది. స్టాండులో ఖరీదైన ఫ్యాక్టరీ రైఫిల్ అలాగే ఉంది. దాని పక్క చోటు ఖాళీ. బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. పోయిన రైఫిల్‌కు బిగించి ఉండే స్కోప్, గురి చూసే దుర్భిణి, ఆ గుడ్డ మీద ఉంది. స్క్రూలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఫ్యాక్టరీ సరుకు ముట్టుకోలేదు చూశారా? దొంగకైనా తేడా తెలుసు," అన్నాడు ట్రాస్క్.

"తలుపు పగలగొట్టారా?"

"మోంటానాలో తలుపుకు తాళం ఎవడు వేస్తాడు మేడమ్?"

"ఎవరి మీద అనుమానం?"

"ఇంకెవరు? డ్వేన్ హెస్లర్. వేటకొచ్చేవాళ్లకు కొండదారి చూపించి బతికేవాడు. షాపు తుపాకీతో, నేను ప్రత్యేకంగా చేయించుకున్న కస్టమ్ రైఫిల్‌ను ఓడిస్తానని క్లబ్బులో కూశాడు. రేపే గురి పోటీ. భయపడి ఎత్తుకుపోయాడు."

"మీరు ఓడితే?"

"ఓడటమా? ఓడితే రైఫిల్‌ను బోజ్‌మన్ పట్నంలో వేరేవాళ్లకు పంపి విప్పించి చూస్తానని, దాన్ని చేసిన ఓరిన్ స్టాడ్లర్‌తోనే అన్నాను. సరదాకే లెండి. ప్రతి ముక్కా చేత్తో చెక్కిన మనిషి."

వర్నాకు ఒళ్లు మండింది. దొంగతనం రుజువైతే డ్వేన్ గైడ్ లైసెన్సు ఊడుతుంది. ఆ నింద ఈయన పన్ను పీకినంత తేలిగ్గా వేసేశాడు.

ఆమె ట్రాస్క్‌ను వెంటబెట్టుకుని ఓరిన్ వర్క్‌షాపుకు వెళ్లింది. ఓరిన్ ఎవరిదో తుపాకీ విప్పుతున్నాడు. విప్పిన ప్రతి స్క్రూనూ గుడ్డ మీద వరసగా పెడుతున్నాడు.

"డ్వేన్ గాడేగా? ఫ్యాక్టరీ సరుకు మోసేవాడికి సిగ్గేముంటుంది," అన్నాడు తలెత్తకుండా.

"అమ్ముకునే దొంగ స్కోప్ వదలడు ఓరిన్," అంది వర్నా. "అది డాక్టరుగారు వేరే కొన్నది. పరాయి సొత్తని నువ్వు వదిలేశావు. స్క్రూలు పేర్చే అలవాటు మాత్రం మానలేకపోయావు. రైఫిల్ తియ్."

ఓరిన్ చేతిలోని స్క్రూను గుడ్డ మీద పెట్టాడు. తర్వాత బీరువా తెరిచాడు.

వర్నా రైఫిల్ చెక్కభాగం విప్పించింది. లోపలి ఇనుము మీద సగం అరగదీసిన ఫ్యాక్టరీ ముద్ర. డ్వేన్ తుపాకీ చేసిన కంపెనీదే.

"పైచెక్క నేనే చేశాను. బోజ్‌మన్‌లో విప్పితే ఇది బయటపడేది," అన్నాడు ఓరిన్. "రెండేళ్లు పేల్చాడు. ఒక్కనాడైనా వంక పెట్టాడా?"

ట్రాస్క్ మొహం మాడిపోయింది. వర్నాను పక్కకు పిలిచాడు.

"మేడమ్, ఇది తెలిస్తే క్లబ్బులో తలెత్తుకోలేను. కేసు డ్వేన్ మీదే ఉండనిస్తే..."

వర్నా అతన్ని చెప్పుకంటుకున్న పేడను చూసినట్టు చూసింది. ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"డ్వేన్, నీ మీద కేసు లేదు. ఇంకోమాట. రెండేళ్లుగా డాక్టరుగారు పేలుస్తున్నదీ నీ ఫ్యాక్టరీ సరుకే. క్లబ్బులో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"