నాలుగు వందల పద్దెనిమిదో క్లాజు

తరళ మామగారు సన్యాసిరావుకి ఉన్న జబ్బు ఒక్కటే. సవ్యంగా పనిచేస్తున్న వస్తువు కంటపడితే ఆయనకి కుదురుండదు. చంద్రుడి మీద, పూర్ణిమానగర్ గుమ్మటంలో, పీల్చే గాలి దగ్గర్నుంచి తాగే గంజి దాకా యంత్రాలే నడిపిస్తాయి గనుక ఆయనకి పనికి కొదవ లేదు. ఆ ఉదయం రైస్ కుక్కర్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, రెండు మరలు మిగిల్చారు.

"ఇవెందుకు మిగిలాయి మామయ్యగారూ?"

"కంపెనీవోడు ఎక్కువ ఎట్టీసేడమ్మా," అని ఆయన వాటిని బిస్కట్ల డబ్బాలో వేసుకున్నారు. అందులో అప్పటికే దోసెడు మరలున్నాయి.

తరళ నిట్టూర్చింది. "ఈయన చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కునే చట్టం ఎప్పుడొస్తుందో." నాలుగేళ్లుగా టిఫినుతోపాటు ఈ మాట కూడా వడ్డిస్తూనే ఉంది. ఆయన నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గోడమీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగి ఆరింది.

ఆ దీపం గోడుగ్రాహిది. పూర్వం భూమ్మీద చట్టాలు చేసేవాళ్లు తమని అడగలేదని జనం, అడిగితే చెప్పలేదని వాళ్లు తగువులాడుకునేవారట. ఆ తగువు తీర్చడానికి తరళా, మరో ఇద్దరు శాస్త్రవేత్తలూ కలిసి దీన్ని తయారు చేశారు. ప్రతి ఇంటి గోడలోనూ ఒక సెన్సర్ ఉంటుంది. ఇంట్లోవాళ్లు విసుక్కున్న మాటల్ని మాత్రం ఏరి కేంద్ర కంప్యూటర్‌కి పంపుతుంది. అది ఒకదాన్నొకటి పోలిన ఫిర్యాదుల్ని గుదిగుచ్చి, నాలుగేళ్లకి ఒక్కసారి, ఒకే ఒక్క బిల్లు రాస్తుంది. నగర సభ దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, లేదా మొత్తంగా కాదనాలి.

ఏ ఫిర్యాదు ఎంత బరువో తేల్చే భారసూత్రం తరళది. పదేపదే అన్నమాటకి బరువెక్కువ. నిట్టూర్పు కలిస్తే మూడింతలు. మరి నవ్వుని ఏం చెయ్యాలని ఆనాడు ప్రశ్న వచ్చింది. "నవ్వు డేటా కాదు, చప్పుడు. తీసేద్దాం," అంది తరళ. తీసేశారు. ఆ సూత్రానికి ఆమెకి శాలువా కూడా కప్పారు.

రైస్ కుక్కర్ విప్పిన ఆ రోజే మొదటి బిల్లు వెలువడింది. పేరు సమగ్ర గృహజీవన బిల్లు. పన్నెండు వందల ఆరు క్లాజులు. నీటి వాటా, బడిపిల్లల భోజనం, ఇంటి అద్దెలు, ఆస్తమా పిల్లలకి అదనపు ఆక్సిజన్, పెళ్లి ఊరేగింపు పొడవు, పక్కింటి కుక్క మొరగదగిన వేళలు, అన్నీ ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి ఓటింగు. పిల్లల ఆక్సిజన్ వద్దని చెయ్యెత్తే సభ్యుడెవడూ ఉండడు గనుక అది నెగ్గినట్టే.

"మా ఆవిడ అన్నవి మూడు క్లాజులయ్యాయి తరళగారూ," అన్నాడు ప్రయోగశాలలో సహచరుడు పెరుమాళ్లు. "మూడూ నామీదే."

తరళ నవ్వుతూ తెర జరిపింది. నాలుగు వందల పద్దెనిమిది దగ్గర ఆగింది. 'ఉద్యోగ విరమణ చేసిన పౌరులు గృహోపకరణాలను విప్పరాదు. తమ పనిముట్లను బిల్లు నెగ్గిన రోజే వార్డు కార్యాలయంలో అప్పగించవలెను.'

ఆమె కంప్యూటర్‌ని మెల్లగా అడిగింది. "దీని మూలం ఎవరు?"

"మీ ఇల్లే," అంది అది. "తర్వాత పదకొండు వేల ఇళ్లు జతపడ్డాయి. కానీ బరువులో సగం మీ నిట్టూర్పులు."

"అది వేళాకోళం."

"ఆ మాటకి నా దగ్గర కొలమానం లేదు. ఓటింగు లోపు మూల ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే క్లాజు రాలిపోతుంది. ఎవరి మీద ఫిర్యాదు చేశారో వారి ఎదుట, మీ ఇంట్లో, తప్పు నాదని పైకి చెప్పాలి."

ఆ నిబంధన రాసింది కూడా తరళే. టీ తాగుతూ రాసింది. ఎంత సులువైన పద్ధతో అని అప్పట్లో ముచ్చటపడింది.

"ఈ నాలుగేళ్లలో ఎంతమంది వెనక్కి తీసుకున్నారు?"

"ఎవరూ లేరు."

"ఆ విభాగం పనిచెయ్యట్లేదేమో."

"నెలనెలా పరీక్షిస్తున్నాను. బాగానే పనిచేస్తోంది."

తరళ నాలుగింటికల్లా ఇంటికొచ్చేసింది. మామగారు నేలమీద పాత దుప్పటి పరిచి, పనిముట్లన్నీ నూనెగుడ్డతో తుడిచి వరసగా పేర్చుకుంటున్నారు. పక్కన ఒక నోటుపుస్తకం.

"యేళ కాని యేళ వచ్చీసేవేటమ్మా? ఒంట్లో బాగులేదా?"

"ఇదంతా ఏమిటి మామయ్యగారూ?"

"ఇచ్చీమంటన్నారు కదా. మట్టితో ఇస్తే బాగోదు." ఆయన పట్టకారు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "సట్టం చేసినోళ్లకి తెలీదేటి? నిజవేలే. మరలు మిగిలిపోతన్నాయి కదా."

తరళ గోడకేసి చూసింది. గొంతు సవరించుకుంది. "ఆ క్లాజు అలా వచ్చి ఉండకూడదు."

"నమోదు కాలేదు," అంది గోడుగ్రాహి.

"కొన్ని మాటలు పొరపాటున అలా వెళ్లిపోయాయి."

"నమోదు కాలేదు."

"ఏటంటంది అది? పాడైపోనాదా? విప్పి సూడమంటావా?" ఆయన కళ్లలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. అంతలోనే పోయింది. "వద్దులే. ఇంక మనం ముట్టుకోకూడదు."

తన తప్పుని ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు మనిషి చూపు నిలవడానికి ఏదో ఒకటి వెతుక్కుంటుంది. తరళకి నోటుపుస్తకం దొరికింది. వార్డువాళ్లకి అప్పగించడానికి ఆయన ఒక్కో పనిముట్టు పేరూ రాసి, ఎదురుగా అది చేసిన పని రాశారు. పెద్ద రెంచి, వంటింటి కుళాయి. పట్టకారు, కిందింటివాళ్ల పిల్లాడి సైకిలు. చివర్న సన్నమొన స్క్రూడ్రైవర్. దాని ఎదుట ఇలా ఉంది. 'తరళమ్మ గదిలో గాలి వాల్వు, ఈల. రాత్రి డ్యూటీ చేసొచ్చిన రోజు పగలు నిద్ర పట్టదు.'

ఆ ఈల ఎప్పుడు ఆగిందో తరళకి గుర్తులేదు. ఆగిందన్న సంగతే ఇప్పుడు తెలిసింది. ఈల గురించి తను ఎన్నిసార్లు విసుక్కుందో గోడ దగ్గర లెక్కుంది. అది ఆగిన రోజు లెక్క ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

గడియారం నాలుగూ యాభై చూపిస్తోంది. ఆమె దుప్పటి అంచున కూర్చుంది.

"మామయ్యగారూ, ఈ చట్టం అడిగింది ఎవరో కాదు. నేను."

సన్యాసిరావు తుడవడం ఆపారు. "సరదాకి అన్నావమ్మా. నాకు తెల్దా?"

"మీకు తెలుసు. దానికి తెలీదు. నవ్వు లెక్కలోకి రాదని తీసేసింది కూడా నేనే." ఆమె స్క్రూడ్రైవర్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి గోడవైపు చూడలేదు. "తప్పు నాది మామయ్యగారూ."