ముట్టినంక విప్పాలె

మా ఇంట్ల మేం ఉర్దూలనే మాట్లాడుకుంటం. మీకోసం తెలుగుల చెప్తున్న. ఏ భాషల చెప్పినా ఈ ముచ్చట తీస్తే నా ఒళ్లు జలదరిస్తది, అదైతే మారదు.

ఎనభై నాలుగుల సంగతి. నాట్లు అయిపోయి కిరాయిలు పల్చబడ్డ రోజులు. ఎల్లారెడ్డిల నాకు ఒక పాత మెటడోర్ వ్యాను ఉండె. పెండ్లి మందిని కామారెడ్డికో, బాన్సువాడకో తోలుడు నా పని. గసొంటోన్ని అజ్మీర్ దాక బండి తోల్త అని నడుం కట్టిన. ఎందుకంటే నా బిడ్డ అన్వరి కోసం. ముందటేడు దానికి జ్వరమొచ్చి కండ్లు తేలేసింది. కామారెడ్డి డాక్టరు చేతులెత్తేసిండు. పిల్ల బతికితే అజ్మీర్ దర్గాకు తెచ్చి గోరీ మీద చాదర్ కప్పుత అని మా అమ్మ జన్నత్ బీ మొక్కుకుంది. పిల్ల బతికింది. అప్పటికి ఐదేండ్లది, నోరు మూయకుండ మాట్లాడేది. దాన్ని మంచిగ అజ్మీర్ ముట్టించి, మంచిగ తెచ్చి మళ్ల ఇంట్ల దించాలె. నాకు గంతకన్న ఏం అక్కర లేకుండె.

కష్టమేందంటే, ఆదిలాబాద్ అవతల దారి నాకు తెల్వదు. నాగిరెడ్డిపేట దిక్కు తండాల పూల్‌సింగ్ అని నా దోస్తు ఉండె, లారీ డ్రైవరు, ఉత్తరం దిక్కు మస్తు తిరిగినోడు. "రేపు పొద్దుగాల పోతున్రు గదా, ఇయ్యాల మగ్రిబ్ నమాజ్ అయినంక వచ్చి దారి పెట్టిపోత" అన్నడు. మా డ్రైవర్లం కాయితం మీది నక్షలు గిక్షలు చూసేటోళ్లం కాదు. కొత్త దారి నేర్చుకోవాల్నంటే చాటల చింతగింజలు పెట్టుడే. ఒక్కో గింజ ఒక్కో ఊరు. దారి ఎడమకు తిరిగితే గింజను ఎడమకు జరుపుతరు. ఏలుతోని తడుముకుంట నాలుగు సార్లు పేర్లు చదివితే దారి తలకాయల కూసుంటది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. నమాజ్ చదివొచ్చి అర్ర ముంగట వాకిట్ల, రేకుల కింద చాప పరుచుకున్న. చాట, గింజలు తెచ్చి పెట్టుకున్న. లోపల నా భార్య సయీదా తొవ్వల తినెటందుకు రొట్టెలు కాలుస్తుంది. నెయ్యి వాసన బయటిదాక వస్తుంది. అన్వరి నా తొడ మీద తల పెట్టుకొని "అజ్మీర్ల ఒంటెలుంటయా అబ్బా?" అని ఒకటే సతాయిస్తుంది. అప్పుడే కరెంటు పోయింది. కందీల్ల చూస్తే గ్యాసునూనె లేదు. సయీదా సీసా పట్టుకొని పక్కింటి చంద్రవ్వ దగ్గరికి పోయింది.

రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేం వినబడుత లేదు. నా చెయ్యి నాకే కనబడని చీకటి.

చాప అంచు మీద ఎవరో కూసున్నరు.

"వచ్చినవా పూల్‌సింగ్? జర ఎలుగన్న తేకపోతివి" అన్న.

"సత్తారన్న..." అన్నడు. పూల్‌సింగ్ గొంతే. కానీ బొంగురు పోయింది. వానల తడిసిండు, పడిశం పట్టింది అనుకున్న. పాత డీజిలు వాసన వచ్చింది. దాని వెనుక ఇంకో వాసన, ఏండ్లకేండ్లు మూత తియ్యని బాయిది.

చీకట్లనే గింజలు పెట్టుడు మొదలుపెట్టిండు. టక్కున గింజ పెట్టుడు, మెల్లగ ఊరి పేరు చెప్పుడు. నేను ఎనుక నుంచి ఏలుతోని తడుముకుంట పోతున్న.

"కామారెడ్డి... నిర్మల్... ఆదిలాబాద్... నాగ్‌పూర్... బేతుల్..."

గింజలు తడిగున్నయి. ముట్టుకుంటే ఏలికి బురద అంటుతుంది.

"బేతుల్ అవతల ఘాట్." టక్కుమని ఇంకో గింజ.

"ఆ తర్వాత?"

ఇంకో గింజ పెట్టలేదు.

"ఓయ్, ఘాట్ దిగినంక ఏ ఊరు?"

"తెల్వదన్న... నేను గంతవరకే పోయిన."

నాకు నవ్వొచ్చింది. "పరాచికాలాడకు. అజ్మీర్ పోవాలె మేం" అన్న. వాడు నవ్వలేదు. మోకాలు నా మోకాలికి తగిలింది. తగిలిన జాగల నా లుంగీ తడిసింది.

అన్వరి లేచి కూసుంది. "మామా, నువ్వు గూడ వస్తవా మాతోని?"

"చోటుందా బిడ్డా?"

"నా పక్కకు కూసో."

అప్పుడే మా అమ్మ గోడ పట్టుకొని బయటికొచ్చింది. చేతిల ఇమామ్ జామిన్లు. దూరం పోయెటోళ్లకు పచ్చబట్టల ఒక బిళ్ల చుట్టి కుడిచేతి దండకు కట్టుడు మా ఆచారం. మంచిగ పోయే ఊరికి ముట్టినంక విప్పి, ఆ బిళ్ల బీదోళ్లకిస్తరు. విప్పెదాక ఆ మనిషి తొవ్వలనే ఉన్నట్టు. మా అమ్మకు కులం మతం లేదు, మా గడప కాడ నుంచి దూరం బయలెల్లే ఏ డ్రైవరుకైనా కట్టేది. నాకు కట్టింది. పిల్లకు కట్టింది.

"పూల్‌సింగ్, చెయ్యి ఇటు పెట్టు కొడుకా. నువ్వు గూడ లారీ మీద తిరిగేటోనివే" అని తడుముకుంట ముడేసింది. వేసి ఆగింది.

"ఇదేంది? కింద ఇంకోటి కట్టే ఉంది గదా. నానిపోయింది. ఎవరు కట్టిండ్రు?"

"నువ్వే కట్టినవ్ గదమ్మా... ఇంక ముట్టలే."

 అమ్మ మెల్లగ నా ఎనుకకు వచ్చి నా భుజం పట్టుకుంది.  చెవిల మూతి పెట్టి చెప్పింది.

"సత్తార్... పూల్‌సింగ్‌కు నేను ఎన్నడు కట్టలేదు..."

 మోకాలు తీద్దామనుకున్న. కాలు కదలలేదు.

గేటు కాడ టార్చిలైటు ఎలిగింది.

"సత్తారన్నా! వాగు పొంగింది, ఆలస్యమైంది. ఏమనుకోకు!"

అది పూల్‌సింగ్ గొంతు. గేటు కాడ నుంచి.

నా పక్కన... ఇంక ఆ తడి మోకాలు తగులుతనే ఉంది.

"యా అల్లా" అని అరిచిన. టార్చి ఎలుగు మా మీద పడ్డది. చాప మీద నేను, అమ్మ, పిల్ల. అంతే. చాప అంచున మడుగు కట్టింది. పిల్ల మాత్రం ఆ ఖాళీ జాగను చూసి నవ్వుతుంది.

అప్పటికి సయీదా గూడ గ్యాసునూనె తెచ్చి కందీలు ముట్టించింది. జరిగింది చెప్తే పూల్‌సింగ్ మొదలు నమ్మలేదు. చాట ముంగట కూసొని, గింజలు ఏలుతోని తడిమిండు. ఆఖరి గింజ కాడ ఏలు ఆగింది.

"మా మోత్యన్న దారి ఇది" అన్నడు. 

మోత్యా వాళ్లన్న. అన్నదమ్ములది ఒకటే గొంతు అని తండాల అందరంటరట. నేను ఎన్నడు చూడలేదు. కొన్నేండ్ల కింద ఒకసారి, నేను కిరాయికి పోయిన రోజు మా ఇంటి కాడ నీళ్లు తాగి, మా అమ్మతోని ఇమామ్ జామిన్ కట్టించుకొని లారీ తీస్కపోయిండు. ఆ తొవ్వలనే, బేతుల్ అవతల ఘాట్ల లారీ లోయల పడ్డది. లారీ దొరికింది. మనిషి దొరకలేదు.

"పోవుడు ఆపుదాం" అన్న నేను. సయీదా గూడ అదే అన్నది. అమ్మ వినలేదు. "మొక్కు మరిస్తే పిల్ల మల్ల మంచాన పడ్తది. అప్పుడెవరు కాపాడుతరు?" అని ఏడ్చింది. నాకు అటు భయమే, ఇటు భయమే. పూల్‌సింగ్ ఆ గింజలన్ని వానల పారేసి కొత్తయి పెట్టిండు. నిజామాబాద్, నాందేడ్, అకోలా, ఖండ్వా, ఇండోర్... ఆ ఘాట్ మొఖం చూసే పని లేకుండ అజ్మీర్ దాక పెట్టిండు. నేను తెల్లారెదాక చదువుకున్న.

పోయినం. దారిపొడుగున అన్వరి కిటికీ కాడ కాకుండ నడుమ కూసుంటనన్నది. కిటికీ పక్క జాగ ఇడిచిపెట్టేది. పొద్దున్నే బండి తుడుస్తుంటే ఆ జాగ తడిగ ఉండేది. వాన కొట్టింది అని సయీదాకు చెప్పిన. ఇండోర్ దాటినంక వాన లేదు. నేను అదే మాట చెప్పుకుంట వచ్చిన.

అజ్మీర్ ముట్టినం. చాదర్ కప్పినం. దర్గా మెట్ల మీద కూసొని అమ్మ ఒక్కొక్కరివి ఇమామ్ జామిన్లు విప్పుతుంది. అన్వరి అంగీ చెయ్యి పైకి జరిపింది. దండకు రెండు ఉన్నయి. ఒకటి అమ్మ కట్టిన పచ్చది. దాని కింద ఇంకోటి, రంగు పోయి నల్లబడి, బురద వాసన కొడుతుంది.

"ఎవరు కట్టిండ్రు బిడ్డా?"

"మామ. నాది నువ్వు పెట్టుకో, ముట్టినంక విప్పు అన్నడు."

ముడి రాలేదు. కత్తెర తెచ్చి కోసి, బిళ్ల ఎవరికి ఇయ్యకుండ అట్లనే అవతల పారేసిన. పిల్లను సంకనేసుకొని వచ్చిన దారినే ఇంటికి తిరిగినం. ఎక్కడ ఆగలేదు. ఇల్లు ముట్టి, పిల్లను గడపల దించినప్పుడు కండ్ల నీళ్లొచ్చినయి. బతికించి తెచ్చుకున్న అనుకున్న.

మర్నాడు పొద్దూకే యాళ్లకు చాప మీద పిల్ల ఒక్కతే కూసుంది. ముంగట చాట. ఊరి పేర్లు చదువుకుంట గింజలు పెడుతుంది. కామారెడ్డి... నిర్మల్... ఆదిలాబాద్... నాగ్‌పూర్... బేతుల్... మేం పోని దారి.

ఆఖర్ల ఒక గింజ కాదు, రెండు పెట్టింది. పక్కపక్కన.

"ఇవేంది బిడ్డా రెండు?" అన్న. 

"ఒకటి మామ. ఒకటి నేను" అన్నది. తల ఎత్తి నా దిక్కు చూసింది. "అబ్బా, మనం ఇంక ముట్టలే గదా?"

ముసురు ఎప్పుడో పోయింది. పిల్ల అంగీ కుడిచెయ్యి కాడ నుంచి నీళ్లు చాట మీద పడుతున్నయి... ఒక్కో చుక్క... ఒక్కో చుక్క...