మూల మంచం మీది దుప్పటి

డయాలిసిస్ గదిలో కిటికీ పక్కనున్న మూల మంచానికి మంచి పేరు లేదు.

పగలు ఎవరైనా పడుకుంటారు. ఆఖరి బ్యాచ్‌లో మాత్రం — బయట చీకటి పడి, వరండాలో సగం లైట్లు ఆర్పేశాక — అటు చూడటానికే జనం జంకుతారు. అక్కడ పడుకుంటే ఎవరో దుప్పటి లాగుతారట. లాగి, సూదులున్న చేతిని తడుముతారట. అలా తడిమిన చేతిలో నరం ఇక పలకదట.

ఈ అటలన్నీ మా మేనత్తకి చెప్పింది అదే బ్యాచ్‌లో ఉండే రిటైరైన బస్సు కండక్టరు. "ఒకప్పుడు టికెట్లు చింపేవాడు, ఇప్పుడు కోతలు కోస్తున్నాడు" అని అత్త నవ్వేది. నవ్వేదే గానీ, ఆ మూలకి మాత్రం వెళ్లేది కాదు.

ఎందుకంటే అత్తకి పోగొట్టుకోవడానికి ఇంకో నరం లేదు.

డయాలిసిస్ అంటే రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపాలి కదా. అందుకోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. డాక్టర్లు ఫిస్టులా అంటారు, అత్త 'నా నరం' అంటుంది. అది బాగున్నంతకాలం వేలు ఆనిస్తే జుమ్మంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే డబ్బాలో తుమ్మెదను మూసినట్టు వినిపిస్తుంది. అత్తకి కుడిచేతిలోది ఎప్పుడో మూసుకుపోయింది. మెడలో గొట్టం వేస్తే చీము పట్టి, చలిజ్వరంతో చచ్చి బతికింది. మిగిలింది ఎడమచెయ్యి. ఇదీ పోతే ఇంక వెతకడానికి చోటు లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

అత్త బట్టలు కుట్టి సంసారం ఈదిన మనిషి. మందపాటి గుడ్డని మడతలేసి కత్తెరతో ఒక్క ఊపులో కోసేది. అదే మనిషి ఇప్పుడు మందు సీసా మూత తిప్పలేక కోడలి చేతికిస్తోంది. కుర్చీలోంచి లేవడానికి ఒకసారి ప్రయత్నించి, కాసేపు ఆయాసపడి, మళ్లీ ప్రయత్నిస్తుంది. కండ పోయింది, పట్టు పోయింది, నోరు ఒక్కటే పోలేదు. రాత్రుళ్లు ఎడమచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఆ చప్పుడు వింటూ నిద్రపోయేది.

ఆ రాత్రి అత్త మామూలుగా పడుకునే మంచం దగ్గర మిషన్ మొరాయించింది. ఖాళీగా ఉన్నది మూల మంచం ఒక్కటే.

అక్కడి టెక్నీషియన్‌ని పేషెంట్లంతా 'మెల్లగా బాబు' అంటారు. సూది గుచ్చినా, టేపు పీకినా, మనిషిని మంచం దింపినా "మెల్లగా, మెల్లగా" అంటాడు మరి. అతనే రెండు సూదులు గుచ్చాడు. ఒకటి రక్తం తీసుకోవడానికి, ఇంకొకటి తిరిగి పంపడానికి. టేపులు వేసి, చెయ్యి కప్పుకోవద్దు, నాకు కనబడుతూ ఉండాలి అన్నాడు. అది ప్రతిసారీ ప్రతివాళ్లకీ చెప్పే మాటే. అందుకే ఎవరూ చెవిన పెట్టరు.

అతను అవతలి వరసలోకి వెళ్లాడు. రక్తం గొట్టాల్లో తిరగడం మొదలైంది. దాంతోపాటే చలి... ఎప్పుడూ ఉండేదే, ఆ మూలలో మరీను.

ఎదురు మంచం మీంచి కండక్టరు గుసగుసలాడాడు.

"అక్కయ్యా... ఆ చెయ్యి లోపల పెట్టుకో. కనబడితే తడుముతుందట."

అత్త ఆయన్ని నాలుగు తిట్టింది. తిడుతూనే దుప్పటి మెడదాకా లాక్కుని, ఎడమచేతిని లోపల దాచేసింది. అంచు నడుం కింద దోపుకుంది. ఆ మంచం మీద పడుకున్నవాళ్లంతా చేసే పని అదే.

కాసేపటికి కన్ను మూతపడింది. ఎడమపక్క వెచ్చగా అనిపించింది. హమ్మయ్య, చలి తగ్గింది అనుకుంది.

అప్పుడు... దుప్పటి కదిలింది.

కాళ్ల వైపు నుంచి. ఎవరో కొస పట్టుకుని చూసినట్టు — ఒక్కసారి. అత్త కళ్లు తెరిచింది. కాళ్ల దగ్గర ఎవరూ లేరు. కండక్టరు గురక పెడుతున్నాడు. మిషన్ తన మానాన తను తిరుగుతోంది.

కోడలు బయట వరండాలో ఉంది. పిలుద్దామా అనుకుంది. దుప్పటి కదిలిందని పిలిస్తే ఇంటికెళ్లాక ఏడాది పాటు నవ్వుకుంటారని ఊరుకుంది.

మళ్లీ లాగింది. నడుం కింద దోపిన అంచు ఊడి వచ్చేసింది. అత్త కుడిచేత్తో గుప్పిట బిగించింది.

"వదులు..." అంది, పెదాలు తప్ప గొంతు కదలకుండా. "నాకు మిగిలింది ఇదొక్కటే. దీని జోలికి రాకు తల్లీ."

లాగడం ఆగలేదు. గుంజుకోవడం కాదట అది... పసిపిల్ల గుప్పిట్లోంచి ఏదో తీసుకుంటున్నట్టు, ఓపిగ్గా. అత్త వేళ్లు ఒక్కొక్కటీ జారిపోయాయి. కత్తెర పట్టిన రోజుల్లో అయితే ప్రాణం పోయినా వదిలేది కాదు. ఆ చేతులు ఇప్పుడు లేవు. ఆ సంగతికి ఏడుపొచ్చింది. అరుద్దామంటే నోరు పెగల్లేదు. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి — భయం వల్ల అనుకుంది.

దుప్పటి జారిపోయింది.

అవతలి వరసలోంచి అడుగులు... పరుగు. ఆ రాత్రి ఆ మనిషి "మెల్లగా" అనలేదు. మోచేత్తో మిషన్ ఆపి, రెండు చేతులతో అత్త చేతిని నొక్కిపట్టి, నర్సుని కేకేశాడు.

అత్త తల తిప్పి చూసుకుంది. పరుపు, మంచం పట్టీ, కింద నేల... అంతా నెత్తురు.

తిరిగి పంపే సూది ఊడిపోయింది. మిషన్‌కి ఆ సంగతి తెలియలేదు. చేతిలోకి పంపాల్సిన రక్తాన్ని పరుపులోకి పంపుతూ కూర్చుంది, కూత కూడా కూయలేదు. అత్తకి తగిలిన వెచ్చదనం అదే.

అత్త బతికింది. నరమూ బతికింది. తెల్లారాక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, తుమ్మెద చప్పుడు విని, పసిపిల్లలా భోరుమంది.

తర్వాతిసారి మెల్లగా బాబు ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఈ మంచం మీద మొదట పోయినావిడ కూడా ఇలాగేనమ్మా," అన్నాడు. "చలేస్తోందని చెయ్యి కప్పుకుంది. నిద్రపోతోంది, పాపం అనుకున్నాం."

ఆవిడ పోయాకే మంచానికి ఆ పేరొచ్చింది. పేరొచ్చాక జనం భయపడి, సరిగ్గా అక్కడే చెయ్యి దాచుకోవడం మొదలుపెట్టారు. దాచుకున్న చేతికి ఏమైందో కనబడేదెలా? ఒకాయన నరం అలాగే పాడైంది. దాంతో పేరు ఇంకా పెరిగింది.

మరి దుప్పటి ఎవరు లాగారని అత్త అడిగింది. తడిసి బరువెక్కి, జారి ఉంటుంది అన్నాడతను. సబబైన మాటే. అత్త తలూపింది. తడిసింది ఎడమపక్క, జారింది కాళ్ల వైపుకి అని మాత్రం అతనితో అనలేదు. నాతో అంది.

"ఒంట్లో సత్తువ ఉండుంటే ఆ రాత్రే పోయేదాన్నే," అంటుంది ఇప్పటికీ.

ఆ రోజు నుంచి మూల మంచం తనే అడిగి తీసుకుంటోంది. మొదటిసారి కండక్టరు వద్దు వద్దని బతిమాలాడట. అత్త వినలేదు. ఎడమచెయ్యి దిండు మీద, లైటు కింద, అందరికీ కనబడేలా చాపుకుని కళ్లు మూసుకుంది.

చలి మొదలైంది. కాళ్లు బిగుసుకున్నాయి...

అప్పుడు ఎవరో దుప్పటి కొస ఆమె పాదాల చుట్టూ సర్దారు. మడమల కిందికి దోపారు, ఓపిగ్గా. మెల్లగా బాబే అనుకుంది. కళ్లు తెరవకుండానే, "చల్లగా ఉండు నాయనా," అంది.

గది అవతలి కొసనుంచి అతని గొంతు వినిపించింది.

"పిలిచారా అమ్మా?"

అత్త కళ్లు తెరవలేదు. చేతిని ఇంకాస్త వెలుతురులోకి జరిపింది.